మేస్త్రికి ఎలుక పోలిక

పెంచలమ్మ పెద్దులును దొంగ అంది. అది జరిగిన సంగతి. వాదించడానికేమీ లేదు.

అన్నది గల్ఫ్‌లో, ఘుబ్రా పేటలో, ఆమె వంట చేసే ఇంట్లో. ఆ ఇంటి బాత్రూములకు పెద్దులు కొత్త టైల్స్ వేస్తున్నాడు. మనిషిది జగిత్యాల వైపు. భార్య పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచి నవ్వడం అనవసరమని మానేశాడు. పెంచలమ్మది కడప జిల్లా. ఆమె భర్త పోయీ చాలా కాలమైంది. కానీ ఆమె నవ్వు మానలేదు.

పదేళ్లు ఇళ్లలో పనిచేసి ఆమె ఇంగ్లీషు పట్టేసింది. ఫోర్‌మన్ కావాలంటే ఇంగ్లీషు రావాలని పెద్దులుకు కంపెనీ చెప్పిందని తెలిసి, అతను అడగకుండానే పాఠం మొదలుపెట్టింది. మేడమ్ కూతురి పాత పుస్తకంలో పోలికల పేజీ ఒకటి ఉంది. టీ తెచ్చినప్పుడల్లా ఒకటి చెప్పేది. తొణకని మనిషి కీరాకాయలా చల్లగా ఉంటాడట. పనిమంతుడు తేనెటీగ అట. మనిషిని పోల్చడానికి దొరలకు మంచి మనిషే దొరకలేదా అని పెద్దులు అడిగాడు. మొదట నీలాంటోణ్ని చూసుంటారు, అందుకే వద్దనుకున్నారు అంది. అతనికి టీ పొలమారింది. ఆరేళ్లలో అదే మొదటి నవ్వు.

ఆదివారం, మేస్త్రి ఎలాంటివాడని మేడమ్ ఆమెను అడిగింది.

"క్వయట్ యాజ్ ఎ మౌస్, మేడమ్."

మేడమ్ నవ్వింది. పెద్దులు తలుపు వెనకే ఉన్నాడు. క్వయట్, మౌస్, రెండు ముక్కలూ అతనికి తెలుసు. చప్పుడు లేకుండా వచ్చే ఎలుక ఏం చేస్తుందో, వడ్లు నిలవుండే ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో దొంగ అన్న మాట పడితే ఇక మిగిలేది ఇంటికి విమానమే.

ఆ రోజే ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి తనను షినాస్ సైట్‌కు పంపమన్నాడు. శుక్రవారం బండి. మూడు గంటల దారి. అక్కడినుంచి ఘుబ్రాకు టీ తాగడానికి ఎవరూ రారు.

గురువారం పని ముగించి సంచి భుజాన వేసుకుంటే, పెంచలమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది.

"ఏం మేస్త్రీ, నాలుగు దినాల నుంచి పలకవు. నోట్లో సిమెంటు పోసుకున్యావా?"

"దొంగోనితోని నీకేం ముచ్చట?"

విషయం మొత్తం రాబట్టి, ఆమె టైల్స్ పెట్టె మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. అతను పక్కనుంచి అడుగు వేశాడు. నవ్వు ఆగింది.

"ఇంట్లో ముసలామె పండుకొంటాదని ప్రతి టైలూ గేటు బయటికి మోసుకుపోయి కోస్తివి. ఈ ఎండలో. అది చూసే ఆ మాట అన్యా. వాళ్ల ఎలుక సద్దు చేయదు, అంతే. ఏమీ ఎత్తుకుపోదు."

వాళ్లకు వడ్లు లేవేమో అని గొణిగి, పెద్దులు నేల చూశాడు.

షినాస్ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. కాసేపు చీర కొంగు సర్దుకుంది.

"సరే. ఇంత నేర్పిస్తి గదా, నన్ను దేంతో పోలుస్తావో ఇంగ్లీషులో చెప్పిపో."

పుస్తకంలోని జంతువులన్నీ అతని కళ్ల ముందు తిరిగాయి. ఒక్కటీ పనికిరాలేదు. చివరికి సంచిలో చెయ్యిపెట్టి లెవెల్ బద్ద తీశాడు.

"యూ... లైక్ దిస్."

"చెక్కముక్కనా నేను?"

"గోడ వంకర పోతుందో లేదో నాకు చెప్పేది ఇదొక్కటే. ఇది లేని దినం నా చెయ్యి మీద నాకే నమ్మకముండది. నువ్వు గంతే."

పెంచలమ్మ ఆ బద్ద అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్లీ చెప్పమంది.

"చెప్ప."

షినాస్‌కు వేరే మేస్త్రి వెళ్లాడు. వాళ్లిద్దరి పెళ్లయి రెండేళ్లయింది. ఆ మాట ఇంకొక్కసారి అనమని పెంచలమ్మ పండక్కీ పబ్బానికీ అడుగుతూనే ఉంది. ఒకసారి చెప్పిన, అయిపోయింది, ఆ ముచ్చట మల్ల నా నోట రాదు అన్నాడు పెద్దులు. రాలేదు. రాదు.