రెండేళ్ళు ఆగుతానన్నాడు

"నువ్ వాళ్ళని ఏడిపిస్తున్నావ్."

వెనక నుంచి వచ్చిన ఆ మాటకి రాఘవులు చేతిలో మార్కర్ ఆగిపోయింది. తిరిగి చూస్తే తలుపు దగ్గర ఒక అమ్మాయి. జీన్స్, తడి జుట్టు, చేతిలో పెద్ద కాఫీ కప్పు.

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఆదివారం పూట అద్దెకి తీసుకున్న క్లాస్‌రూమ్ అది. అందులో తెలుగు బడి. పిల్లల చేత 'క' గుణింతం రాయిస్తున్నాడు పాపం. జీతం లేదు, భత్యం లేదు. వారమంతా ఆఫీసులో కోడ్ రాసి రాసి, ఆదివారం నిద్ర మానుకుని వస్తే, ఇదిగో, ఇదీ బహుమానం!

అన్నిటికంటే ఎక్కువ మండింది ఆ 'నువ్'. ముక్కూ మొహం తెలియని మనిషిని పట్టుకుని నువ్వా?

"మీరెవరండీ?" అన్నాడు, 'మీరు' దగ్గర కాస్త ఒత్తి పలుకుతూ.

"ఐయామ్ ఇషా. మా కజిన్‌ని పిక్ చేయడానికి వచ్చా. ఇది ఎన్నిసార్లు రాయాలి వాళ్ళు?"

"వచ్చేదాకా."

"ఏడుపు వచ్చేదాకానా? ఆ పాపకి ఆల్రెడీ వచ్చింది, చూడు."

పాపకి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. రాఘవులుకి ఒళ్ళు మండిపోయింది. "అయితే మీరే చెప్పండి, చూస్తాం," అని వెటకారంగా మార్కర్ చాచాడు. ఆ పిల్ల తీసేసుకుంది!

తీసుకుని బోర్డు మీద ఏమీ రాయలేదు. బల్లలన్నీ పక్కకి నెట్టించి, క్లాసుని కూరగాయల మార్కెట్ చేసింది. ఒకడు కాకరకాయలు అమ్మాలి, ఒకత్తి కందగడ్డ కొనాలి, బేరం ఆడాలి. ఇషా తెలుగు అంతంతమాత్రం. తను తప్పు మాట్లాడినప్పుడల్లా పిల్లలే విరగబడి నవ్వి సరిదిద్దారు. గంటసేపు గోల. గుణింతం ఊసే లేదు. వెళ్ళేటప్పుడు ఆ ఏడుపు పాప రాఘవులు చొక్కా పట్టుకుని, "అంకుల్, నెక్స్ట్ వీక్ కూడా మార్కెట్ ఉంటుందా?" అని అడిగింది.

ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి అంకుల్ అంటే ఎవడికైనా గుచ్చుకుంటుంది. ఇషా మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"ఎక్కడ నేర్చుకున్నారు ఇదంతా?" అన్నాడు రాఘవులు, కోపం సగం చల్లారి.

"అదే నా జాబ్. ఇంగ్లీష్ రాని కిడ్స్‌కి స్కూల్‌లో ఇంగ్లీష్ చెప్తా. అండ్ ప్లీజ్, నన్ను మీరు అనకు. మా బామ్మ గుర్తొస్తుంది."

మరుసటి ఆదివారం కజిన్‌కి జలుబు. బడికి రాలేదు. ఇషా మాత్రం వచ్చింది.

ఆ తర్వాత ఏమవుతుందో మీకు తెలియనిదా? బడి అయ్యాక చాయ్. చాయ్ అయ్యాక పక్కనే ఉన్న ఇండియన్ గ్రోసరీలో అవసరం లేని సామాన్లు. ఆవకాయ సీసాలు రెండు కొన్నాడు రాఘవులు, ఇంట్లో నాలుగు ఉండగానే.

ఒక రోజు చాయ్ దుకాణంలో కూర్చుని, ఇషా చల్లగా చెప్పింది.

"ఆగస్ట్‌లో నేను కిర్గిజ్‌స్తాన్ వెళ్తున్నా."

"ఎంబీబీఎస్‌కా?"

"ఓ మై గాడ్! మన వాళ్ళు అందరూ అదే అంటారా? కాదు. ఇంగ్లీష్ చెప్పడానికి. నారిన్ అని కొండల్లో ఊరు. దానికి ఇంకా పైన ఒక విలేజ్ స్కూల్. రెండేళ్ళు."

రాఘవులు కుర్చీ ముందుకి జరిపాడు. "అంత దూరం ఎందుకు? ఇక్కడ చెప్తున్నావుగా."

ఇషా కప్పు అటూ ఇటూ తిప్పింది. "ఇక్కడ నేను మానేస్తే ఇంకో టీచర్ వస్తుంది. అక్కడ పాత టీచర్ వెళ్ళిపోయాక ఎవరూ రాలేదు. ఆమె బోర్డు మీద రాసిన లాస్ట్ లెసన్ పిల్లలు ఇంకా తుడవలేదంట, రఘూ. ఫొటో పంపారు." కప్పు కింద పెట్టి, "ఇంకోటి. స్కూల్, కాలేజ్, మేజర్, జాబ్, అన్నీ మా డాడీ సెలెక్ట్ చేశారు. మంచివే. కానీ ఇది ఒక్కటే నేను సెలెక్ట్ చేశా," అంది.

అప్పటినుంచి ఆమె ప్రాక్టీసు పాఠాలకి రాఘవులే విద్యార్థి.

"ఇప్పుడు నువ్ కిర్గిజ్ స్టూడెంట్. నీకు ఇంగ్లీష్ రాదు. తెలుగు కూడా రాదు."

"మరి నాకేం వచ్చు?"

"గుర్రం ఎక్కడం."

"మా ఊళ్ళో గేదె ఎక్కాను. పనికొస్తుందా?"

"సైలెన్స్!" అని బొమ్మల కార్డుతో నెత్తిన ఒకటి వేసేది. చేతులతో, కళ్ళతో, ఆ దుకాణమంతా తిరిగేసి అర్థం చెప్పేది. రాఘవులు అర్థమైనా కానట్టే మొహం పెట్టేవాడు. అర్థమైతే తర్వాతి కార్డుకి వెళ్ళిపోతుంది కదా మరి!

మే నెలలో ఒక సాయంత్రం వాన ముంచుకొచ్చింది. ఇద్దరి ఫోన్లూ ఒకేసారి గోల పెట్టాయి, వడగళ్ళ హెచ్చరిక. గ్రోసరీ దుకాణం చూరు కింద నిలబడిపోయారు. పార్కింగ్‌లో ఉన్న రాఘవులు కారు మీద నిమ్మకాయంత వడగళ్ళు టపటపా పడుతున్నాయి. కారు సొట్టలు పడిపోతుంటే వీడు ఇషా కనురెప్పల మీద చినుకులు చూస్తున్నాడు. బుద్ధి ఉన్నవాడెవడూ ప్రేమలో పడడు లెండి.

"నీ కార్ పోయింది," అంది ఇషా.

"పోనీ. ఇషా, నేను ఆగుతాను."

"వాన ఆగేదాకానా?"

"నువ్వు వచ్చేదాకా. రెండేళ్ళు."

ఆమె నవ్వింది. "నువ్వా? బిర్యానీ ప్లేస్‌లో టేబుల్ కోసం పది నిమిషాలు ఆగలేవు."

"టేబుల్ వేరు, నువ్వు వేరు. వెళ్ళు. పిల్లలకి పాఠం చెప్పు. నేను ఇక్కడే ఉంటాను. ఎవరేమన్నా నీ పక్కనే ఉంటాను."

ఇషా నవ్వు ఆగింది. అతని జాకెట్ జేబులో చెయ్యి పెట్టి, లోపల ఉన్న అతని చెయ్యి పట్టుకుంది.

"ఓకే. ఆగు," అంది. "కానీ ఒక ప్రామిస్. నేను వెళ్ళే సంగతి మమ్మీ డాడీకి ఇంకా తెలీదు. నేనే చెప్పాలి. నా నోటితో. నువ్ ఎవరికీ చెప్పకు."

"ఎవరికీ చెప్పను."

ఎవరికీ చెప్పలేదు కూడా. అక్కకి తప్ప. మన ఇళ్ళలో అక్కకి చెబితే ఇంకొకరికి చెప్పినట్టు ఎవరనుకుంటారు? మోరిస్‌విల్‌లో ఉండే అక్క చంద్రిక తమ్ముడి కథంతా విని, ఫోటో అడిగి, చూసి, మురిసిపోయింది. ఆ పైన అసలు విషయానికొచ్చింది.

"అమ్మాయితో నువ్వెన్ని అనుకుంటే ఏం లాభంరా? వాళ్ళ నాన్నగారితో మాట అనుకోవాలి. వెళ్ళేముందు తాంబూలాలు మార్చుకుంటే వాళ్ళకీ ధైర్యం. సంబంధం కుదిరిన పిల్ల కదా అని నిశ్చింతగా పంపిస్తారు. నేను మాట్లాడనా?"

"ఇషా తనే చెప్తానందక్కా..."

"ఆ దేశం వెళ్ళే మాట తను చెప్పుకుంటుంది. పెళ్ళి మాట పెద్దవాళ్ళు చెప్పాలి. పద్ధతిగా వెళ్దాం."

పద్ధతి అన్న మాట వినగానే రాఘవులు మెత్తబడ్డాడు. నిజమే అనిపించింది. అడ్డు చెబుతారేమో అనుకున్న ఇషా వాళ్ళ నాన్న, తన వల్ల ఒప్పుకుంటే ఎంత బాగుంటుంది! "సరే, నువ్వు మాట్లాడు," అన్నాడు. ఇషాకి ఒక్క మాట చెప్పాలన్న ఆలోచనే రాలేదు మహానుభావుడికి.

చంద్రిక మాట్లాడింది. మాటల్లో, అమ్మాయి ఎక్కడికో వెళ్తుందట కదండీ, ఆ లోపే శుభకార్యం కానిచ్చేద్దాం అనేసింది. ఇషా వాళ్ళ నాన్న పద్మనాభంగారు అవతల ఎంత తెల్లబోయారో గానీ బయటపడలేదు. శనివారం భోజనానికి రమ్మని రాఘవులుకి స్వయంగా ఫోన్ చేశారు.

వెళ్ళేసరికి గుమ్మంలోనే కౌగలించుకున్నారు. "బాబూ, నీలాంటి కుర్రాడి కోసమే చూస్తున్నాం. మా పిల్ల అదృష్టం." బల్ల మీద పళ్ళు, స్వీట్లు. ఇషా వాళ్ళ అమ్మ పద్మజ కొత్త చీర కట్టుకుంది. ఇషా అప్పుడే స్కూల్ పిక్నిక్ నుంచి వచ్చింది, మొహమంతా పిల్లలు పూసిన రంగులతో. సోఫాలో రాఘవుల్ని చూసి బిత్తరపోయింది.

"రామ్మా, కూర్చో," అన్నారు పద్మనాభం. "గుడి పంతులుగారిని అడిగాను. ఆగస్టులో మంచి ముహూర్తం ఉంది. నిశ్చితార్థం పెట్టుకుందాం."

"ఆగస్ట్‌లో నేను ఇక్కడ ఉండను డాడీ."

"తెలుసు. చంద్రిక చెప్పింది. ఆ ఆలోచన ఇక మర్చిపో. మేం ఇంగ్లీష్ బట్టీపట్టి, ఆ దేశం వదిలి ఈ దేశం వచ్చాం. నువ్వు అదే ఇంగ్లీష్ పట్టుకుని కొండల్లోకి పోతానంటావా? పెళ్ళి కుదిరిన పిల్లవి."

ఇషా రాఘవుల వైపు తిరిగింది. "నువ్ చెప్పావా?"

"మా అక్కకి... అంటే..."

"ఓకే. అది తర్వాత." గట్టిగానే అంది. "ఇప్పుడు డాడీకి చెప్పు. నాతో ఏం చెప్పావో అదే చెప్పు."

అందరూ రాఘవుల వైపు చూశారు. భోజనాల బల్ల దగ్గర పప్పు వడ్డిస్తున్న పద్మజ గరిటె గిన్నెలో వదిలేసి నిలబడింది.

"చెప్పు బాబూ," అన్నారు పద్మనాభం. "నీ మాట కూడా కావాలి కదా. ఇది వెళ్ళాలంటావా, వద్దంటావా?"

ఒక్క మాట చాలు. వెళ్ళనివ్వండి అంకుల్. అంతే! వడగళ్ళలో నిలబడి అంత ధాటిగా అన్నవాడికి, ఏసీ గదిలో నోరు పెగల్లేదు. పెద్దాయన చెయ్యి భుజం మీద బరువుగా ఉంది. ఎదురు చెబితే ఈ ఇల్లు, ఈ ఆదరణ, అన్నీ పోతాయేమోనని భయం వేసింది. మర్యాద కోసం ఊరుకున్నానని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. కొంత మర్యాదే. మిగిలింది మాత్రం, ఇషా ఆగిపోతే బాగుండునన్న ఆశ.

"మీరెలా చెబితే అలాగే అంకుల్," అన్నాడు.

"చూశావా! అదీ పెంపకం అంటే!" పద్మనాభం వీపు తట్టి మైసూర్‌పాక్ నోట్లో పెట్టారు. నమలడం కూడా చేతకాలేదు రాఘవులుకి.

బయట కారు దగ్గర ఇషా దొరికింది. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటోంది. రంగులన్నీ మొహమంతా అలుక్కుపోయాయి.

"నువ్ నన్ను అడగలేదు. మా డాడీని అడిగావ్."

"నీ కోసమే ఇషా. సంబంధం కుదిరితే ధైర్యంగా పంపిస్తారని..."

"అయితే అక్కడ ఆ మాట చెప్పాలి కదా! నీ నోరు ఏమైంది?"

"భయం వేసింది."

"నాకూ భయమే. ఎవరూ తెలియని ఊరు. చలి. నాకు రోజూ భయం వేస్తోంది, రఘూ. ఒకడు నా పక్కన ఉన్నాడు కదా అనుకున్నా. ఇప్పుడు వాడు కూడా మా డాడీ పక్కన కూర్చున్నాడు."

"నేను ఆగుతాను. అన్నట్టే రెండేళ్ళు..."

"వద్దు," అంది ఇషా. "నా కోసం ఆగకు. నాకు నువ్ వద్దు."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అతని నంబరు ఆ రాత్రే బ్లాక్ చేసింది.

ఆగస్టులో ఇషా వెళ్ళిపోయింది. తండ్రి ఎయిర్‌పోర్ట్‌కి రాలేదు, మాట్లాడనూ లేదు. పద్మజ ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి దింపి వచ్చింది. ఏ రోజు ఫ్లైటో రాఘవులుకి తర్వాత తెలిసింది.

విచిత్రం ఏమిటంటే, పద్మనాభంగారి లెక్కలో సంబంధం అలాగే ఉంది. "చలికి తట్టుకోలేదు బాబూ, ఇట్టే వచ్చేస్తుంది," అని ఆదివారం సాయంత్రాలు భోజనానికి పిలుస్తారు. రాఘవులు వెళ్తాడు. రానని చెప్పడానికి కూడా నోరుండాలి కదా!

అలా ఒక అక్టోబరు ఆదివారం, భోజనం సగంలో ఉండగా పద్మనాభం ఫోనొస్తే పక్క గదిలోకి వెళ్ళారు. పద్మజ పెరుగు వడ్డిస్తూ నెమ్మదిగా అంది.

"ఆ రోజు నీ మొహమే చూస్తూ నిలబడ్డాను బాబూ."

రాఘవులు తలెత్తాడు.

"నువ్వు ఒక్క మాట అంటే వెనకాలే నేనూ అందామని. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన మాటకి అడ్డం చెప్పలేదు నేను. ఆ రోజు చెప్దామనుకున్నాను. మొదలుపెట్టడానికి ఒక మనిషి కావాలి. నువ్వంటావనుకున్నాను."

రాఘవులు ముద్ద పళ్ళెంలో వదిలేశాడు. ఏదో చెప్పబోయాడు. ఈలోగా బల్ల మీద పద్మజ ఫోన్ మోగింది. వీడియో కాల్. అక్కడ సోమవారం పొద్దున, బడికి వెళ్తూ తల్లికి ఫోన్ చేస్తుంది ఇషా. పద్మజ ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి తన వైపు పెట్టుకుంది. రాఘవులు ఉన్న చోటికి తెర కనబడదు. గొంతు మాత్రం బాగా వినబడుతుంది.

"మా! మంచు పడింది ఇక్కడ! చూడు, చూడు!" వెనక పిల్లల కేకలు, నవ్వులు. "అందరూ నన్ను ఎజే, ఎజే అంటారు. అంటే అక్క. డాడీ ఉన్నారా?"

"ఫోన్‌లో ఉన్నారమ్మా."

"ఇంకా మాట్లాడరా నాతో?"

"మాట్లాడతారు. కాస్త టైమివ్వు. తిన్నావా?"

"తిన్నా. రొట్టె, టీ." రాఘవులు చెయ్యి తగిలి స్పూన్ కింద పడింది. "మా, నీ దగ్గర ఎవరో ఉన్నారా? స్పూన్ పడిన సౌండ్ వచ్చింది."

పద్మజ తలెత్తి రాఘవుల వైపు చూసింది. చూస్తూనే ఉంది. 'నేనే, ఇషా' అంటే చాలు. తిట్టినా తిడుతుంది, ఫోన్ పెట్టేసినా పెట్టేస్తుంది, కానీ వింటుంది. అతని పెదాలు కదిలాయి. పక్క గదిలో పద్మనాభంగారి నవ్వు వినబడింది. రాఘవులు కళ్ళు దించుకుని పెరుగన్నం వైపు చూశాడు.

"ఎవరూ లేరమ్మా," అంది పద్మజ.