మోటరు మీది ప్లేటు

తార్నాకలో కాలిన మోటర్లకు కొత్త తీగ చుట్టి వైండింగు చేసే గట్టయ్య కాపురం దుకాణం వెనక గదిలోనే. ఆ ఉదయం భార్య లచ్చమ్మ ఉప్మా దించి రెండుసార్లు పిలిచినా కూతురు భాగ్య కదల్లేదు. యూనివర్సిటీలో చదువు చెప్పే పద్మావతి మేడం ఇచ్చిన పాత ఆపిల్ ల్యాప్‌టాప్ మ్యాక్‌తో మూడు రోజులుగా తంటాలు పడుతోంది. సర్క్యూట్లు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు ఎక్కించినా తెరుచుకోదు. యూనివర్సిటీలో ల్యాబు మరమ్మతుకు మూశారు. అక్కడ సగం గీసిన సర్క్యూట్ బోర్డు బొమ్మ పెన్‌డ్రైవులో ఉంది. పదకొండింటికల్లా పూర్తిచేసి మేడంకు చూపిస్తేనే ఆమె ప్రాజెక్టులో చోటు.

గట్టయ్య చొక్కా తొడుక్కున్నాడు. "లే బిడ్డా. హబ్సిగూడల ఉమాపతి సారు ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్ నౌకరి ఉన్నది. పదింటికి తోల్కొస్తనని మాటిచ్చిన."

"నన్నడిగే ఇచ్చినవా నాయినా?"

"అడిగేదేంది? అది మేడం వద్దనుకున్న డబ్బా. దాన్ని పట్టుకొని ఎన్నొద్దులు కూసుంటవ్?"

"పనయ్యేదాక. నేను రాను."

"పొద్దుగాల్నే ఏందే గీ లొల్లి!" అంది లచ్చమ్మ.

గట్టయ్య వచ్చి మ్యాక్ మూసేశాడు. భాగ్య తెరిచింది. మళ్లీ మూశాడు. మళ్లీ తెరిచింది.

"కాలిన మోటరును నువ్వు ఎన్నడన్నా నా తోని కాదని వాపస్ పంపినవా? మరి నన్నెందుకు నడుమల లెమ్మంటున్నవ్?"

గట్టయ్య మ్యాక్ మీంచి చెయ్యి తీసేశాడు. మోటరు ముందు కూర్చున్నట్టే గొంతుక్కూర్చున్నాడు.

"దీని ప్లేటు చదివినవా?"

"ఏం ప్లేటు?"

"మోటరు విప్పేముందు దాని మీది ప్లేటు చదువుతం. ఏ ఏటిది, ఎంత తట్టుకుంటది అని. చదవకుండ తీగ చుడితే మల్ల కాలుతది. దీనికి లేదా?"

భాగ్య చెయ్యి ఆగింది. మూడు రోజులూ ఎర్రర్లతో కొట్లాడిందే కానీ ఆ ఒక్కటీ చూడలేదు. తెర మూలనున్న ఆపిల్ గుర్తు నొక్కింది. ఆ మ్యాక్ సిస్టమ్ ఎన్నో ఏళ్ల కిందటిది. తాను దించుతున్నదేమో నిన్నమొన్న వచ్చిన వెర్షను. సైటులో పాత వెర్షన్ల జాబితా వెతికి, దీనికి సరిపడేది, ల్యాబులో వాడినదే, దించింది. అప్లికేషన్స్‌లోకి లాగి నొక్కింది.

తెరుచుకుంది.

పెన్‌డ్రైవులోని బోర్డు తెర మీద పరుచుకుంది. గట్టయ్య ముందుకు వంగి వేలు పెట్టాడు. "ఇది రిలే కాదు, మోటరును బందు చేసేది?"

"అవు. బోరుల నీళ్లు అయిపోతే మోటరు కాలకుండ దానంతటదే బందయితది."

"అంటే నా దుకాణం మూపిస్తవన్నట్టు!"

నవ్వాడు గట్టయ్య. కళ్లు తుడుచుకొని ఫోను తీశాడు.

"ఉమాపతి సారూ, తప్పు నాదే. అడగకుండ మాటిచ్చిన. మా బిడ్డ రాదు... లేదు సార్, రేపు గూడ రాదు."

ఫోను జేబులో పెట్టుకొని లచ్చమ్మ వైపు తిరిగాడు. "ఉప్మా గీడికే తే. బిడ్డ పని మీదున్నది."