కంచం అంచున

ఉదయం ఎనిమిదింటికి కూర్మయ్య కంచం ముందు కూర్చున్నాడంటే హల్దియాపదర్‌లోని ఆ ఇంట్లో ఎవరి చేతిలో పని వాళ్లు ఆపాల్సిందే. రెండు ఉడికిన గుడ్లు, నూనె తగలని పుల్కాలు, మీగడ తీసిన పాలు. గుడ్డు చీల్చి తెల్లదంతా తిని, పచ్చసొన కంచం అంచున పెట్టేవాడు. నాలుగేళ్ల కిందట ఫ్యామిలీ డాక్టరు శ్యామసుందర్ ఆయన కొలెస్ట్రాల్ చూసి భయపెట్టినప్పటి నుంచి ఇదే వరస.

ఆయనది బరంపురం బజారులో చింతపండు హోల్‌సేల్ కొట్టు. బేరానికి వచ్చినవాడు బేరం మాట ఎత్తేలోపే తన రిపోర్టు విప్పేవాడు. "రెండొందల ఎనబై నుంచి నూట అరవైకి దింపీసినాను. నోరు కట్టుకోవాల, పట్టుదలంటే అదీ!" అనేవాడు. నోరు కట్టుకున్నది ఆయనే, కాదనం. గుడ్లు ఉడికించింది, మీగడ తీసింది, మాత్ర గుర్తు చేసింది, మూడు నెలలకోసారి ఫైలు మోసుకెళ్లి డాక్టరు గదిలో ఆయన కుర్చీ వెనక నిలబడింది మాత్రం భార్య అమ్మణ్ణి. రిపోర్టులో అలాంటివి రాయరు.

ఆ రోజు కూడా ఆయన చెయ్యి కడుక్కోగానే ఆమె అదే కంచం ముందు కూర్చుంది. మొగుడు తిన్న కంచంలోనే తినాలని కాపురానికొచ్చిన రోజున అత్తగారు చెప్పింది. ముప్పయ్యెనిమిదేళ్లయింది, ఆమెకి ఇంకో కంచం లేదు. తిన్నాక వడియాల పళ్లెం పట్టుకుని మేడ మెట్లెక్కుతూ సగంలో కూలబడిపోయింది.

కోడలు పద్మిని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏటయింది అత్తా? ఈ సెమటలేటి?"

"ఏటీ నేదే. గుండెల మీద బరువెట్టినట్టుంది. కూకుంటే పోద్ది. వినాయక చవితి కాడి నుంచీ ఇంతే."

"మావయ్యా, డాక్టరు గారి దగ్గరికి తీసుకెల్దాం!"

"గ్యాసు. రెండు వాము గింజలు నమిలితే పోద్ది. దానికేటి, గుండ్రాయిలాటి మనిషి," అని కూర్మయ్య చెప్పులు తొడుక్కుని కొట్టుకి వెళ్లిపోయాడు.

పద్మిని మాత్రం ఊరుకోలేదు. ఆటో పిలిచి అత్తగారిని ఎక్కించుకుని వెళ్లింది. మర్నాడు సాయంత్రం డాక్టరు శ్యామసుందర్ రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని తనే ఇంటికొచ్చాడు. ముప్పయ్యేళ్ల పరిచయం, తెలియని ఇల్లు కాదు. ఆయన్ని చూడగానే కూర్మయ్య మొహం విప్పారింది.

"రండాజ్ఞా, రండి!" అన్నాడు ఒడియా మర్యాద కలిపి. "నా ఫైలు తెమ్మంటారా?"

"మీది కాదు. వదినగారిది."

"దానికి ఫైలు నేదు గదా!"

"అదే నేనూ అంటున్నాను," అన్నాడు డాక్టరు. "ఆవిడ కొలెస్ట్రాల్ మూడు వందల ఇరవై. గుండె రక్తనాళాల్లో అడ్డు ఉందేమోనని నా అనుమానం. రేపే స్పెషలిస్టుకి చూపించాలి. మాత్రలు ఇవాళ్టి నుంచే మొదలుపెట్టాలి."

కూర్మయ్యకి ముందు భయం వేసింది. ఆయనకి భయం వేస్తే కోపంగానే బయటికొస్తుంది. "ఇద్దరికీ ఒకే వంట గదా! నాకు తగ్గి దీనికెలా పెరిగింది? సాటుగా ఏటి తింటన్నావే? సెప్పు!"

అమ్మణ్ణి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "నాకోసం యేరేగా ఏటీ వండుకోనండి. మీరు కంచంలో ఒగ్గిందే తింతాను."

పద్మినికి ఇక నోరు ఆగలేదు.

"సూడండి మావయ్యా. రోజుకి రెండు సొనలు. మీ పాల మీద మీగడ. ఆదివారం మాంసంలో మీరు ఏరి పక్కనెట్టిన కొవ్వు. ఖల్లికోట నుంచొచ్చిన రొయ్యల వేపుడు మీరు ముట్టుకోకపోతే అదీ. పారెయ్యండత్తా అని ఎన్నిసార్లు సెప్పినానో! ఆయన కంచంలోది పారేత్తావేటే అని నా మీదే ఇరుసుకుపడేది."

డాక్టరు కళ్లద్దాలు తీశాడు. "తిండి ఒక్కటే కాదు. ఆవిడ నాన్నగారు కూడా గుండె జబ్బుతోనే పోయారట, నిన్న అడిగితే చెప్పారు. ఏడాదికోసారి రక్తం పరీక్ష చేసినా ముందే తెలిసేది. పదహారుసార్లు నా ఎదురుగా నిలబడ్డారు వదినగారు. కూర్చోమని కూడా అనలేదు నేను. ఇందులో నా తప్పూ ఉంది." సంచిలోంచి కొత్త ఫైలు తీసి కలం పట్టుకున్నాడు. "కూర్మయ్యగారూ, ఆవిడ వయసెంత?"

కూర్మయ్య నోరు తెరిచాడు. తన ప్రతి రిపోర్టు తేదీ ఆయనకి కంఠతా వచ్చు. ఇది మాత్రం రాలేదు.

"యాబై ఎనిమిది బాబూ," అంది అమ్మణ్ణి. "ఆయనకి తెలవదు. ఎవులూ అడగనేదు గదా."

మర్నాడు ఉదయం కూర్మయ్య తనే గుడ్లు ఉడికించాడు. ఒకటి పగిలి నీళ్లలో కలిసిపోయింది. నేల మీద రెండు కంచాలు పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తెల్లదంతా ఆమెకే వేసి, సొన తీసుకెళ్లి వీధిలో కుక్కకి వేయబోయాడు.

"అయ్యో, బంగారంలాటి సొన కుక్కకేటండి?"

ఆయన గుమ్మంలో ఆగిపోయాడు. నాకు చేటని తీసి పక్కన పెట్టినదే నాలుగేళ్లు దీని నోట్లోకి పోతుంటే ఒక్కనాడు తలెత్తి చూశానా అనుకున్నాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. సొన మురిక్కాలవలో పారేసి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నీకేటి ఇష్టవే తినడానికి? డాక్టరు గారినడిగి, పర్లేదంటే అదే సేయిద్దాం. సెప్పు."

అమ్మణ్ణి ఆ కొత్త కంచం వైపు చూసింది. ఏదో గుర్తు తెచ్చుకోబోయి తెచ్చుకోలేకపోయింది.

"తెలవదండి," అంది. అని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏం చెయ్యాలో తోచక కూర్మయ్య కండువా చెంగుతో ఆమె మొహం తుడిచాడు. అప్పటికి ఆయన కళ్లూ తడిసే ఉన్నాయి. బయట, స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడానికి పిలిచిన ఆటో హారన్ మోగింది. ఆమె ముందు నడిచింది, ఆయన ఫైలు పట్టుకుని వెనక నడిచాడు. ఆ ఫైలులో ఉన్నది ఒక్కటే కాగితం.