సగం కట్టిన ఇంట్లో గొంతు

మల్లాపూర్ నుంచి నాచారం వచ్చే అడ్డదారిలో, స్లాబు పడ్డాక ఆగిపోయిన ఇల్లొకటి ఉండేది. తలుపుల్లేవు, కిటికీల్లేవు. చీకటి పడితే అటు ఎవరూ పోయేవాళ్లు కాదు. పైనుంచి జారిపడి చచ్చిన మేస్త్రి ఇంకా అందులోనే మూలుగుతున్నాడని చెప్పుకునేవాళ్లు.

ఎనభై ఎనిమిదిలో మా పెద్దమ్మ వెంకటనర్సమ్మ ఆ దారిన ఒంటరిగా వచ్చింది. ఆమె చెప్పిందే నేను చెబుతున్నాను.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని ముగిసేసరికి ఒకటే వాన. పెద్ద రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు, బస్సుల్లేవు. ఇంట్లో చంటిపిల్లకు జ్వరం. ఇక తప్పదని అడ్డదారి పట్టింది.

చీకటి పడింది, కరెంటు పోయింది. ఆ సగం ఇల్లు దగ్గర పడింది... తల తిప్పకుండా నడుస్తోంది.

అప్పుడు వినిపించింది.

మాట కాదు. మూలుగూ కాదు. ఎవరో గొంతు నొక్కి పట్టుకుంటే, ఆ పట్టులోంచి ఒక్కో ముక్కా బయటికి తోస్తున్నట్టు — "బ... బ్ర... బ్రె..." ఆగింది. మళ్లీ మొదటి నుంచి.

పరుగెత్తబోయి కంకర కుప్ప మీద పడింది. రాళ్లు జరజరా జారాయి.

లోపల గొంతు ఆగిపోయింది.

తర్వాత అడుగులు. ఒక కాలు టక్కున పడుతోంది... రెండోది నేల మీద ఈడ్చుకొస్తోంది. లేవబోయింది, కంకర మీద మళ్లీ జారింది. టార్చి వెలుతురు ముఖం మీద పడింది.

"భ... భయపడకండమ్మా. నేను... మనిషినే."

ముసలాయన. మూతి ఒక పక్కకు వంకర. చంకలో లావుపాటి పుస్తకం.

పేరు విశ్వనాథం. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినాయన. ఆ ఇల్లు ఆయనదే. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక కట్టడం ఆపేశారు. పైకి చదువుతూ ఉంటే నాలుక తిరుగుతుందని డాక్టరు చెప్పాడట.

"ఏం పుస్తకం సారూ?"

మూడొందల ఏళ్ల కిందటి ఇంగ్లండు పాదిరి జీవితం అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. రాజు చెప్పినట్టు ప్రార్థన చెయ్యనన్నాడని ఆ పాదిరిని చర్చిలోంచి వెళ్లగొట్టారు. నలుగురిలో నోరు తెరిస్తే జైలన్నారు. పగలంతా పుస్తకాలు రాసుకునేవాడు. రాత్రయితే పశువుల కొట్టంలో నిలబడి గోడలకే బోధ చెప్పుకునేవాడు. అట్లా పన్నెండేళ్లు.

"మళ్ల చర్చికి రానిచ్చిన్రా?"

"ఇంకా... అక్కడిదాకా చదవలేదమ్మా."

పెద్దమ్మ ఊపిరి కుదుటపడింది. "జనం దయ్యమనుకుంటున్నరు సారూ. మీరేనని నేను జెప్త."

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు... దయ్యమంటే దూరంగా పోతారు. నేనని తెలిస్తే... వచ్చి, విని, నవ్వుతారు."

టార్చి పట్టుకుని మలుపుదాకా తోడొచ్చాడు. పెద్దమ్మ ఇల్లు చేరేసరికి బిడ్డ జ్వరం తగ్గి నిద్రపోతోంది.

మర్నాడు ఫ్యాక్టరీలో ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఆ దారినే వచ్చిందని ఎట్లా తెలిసిందో ఏమో.

"నిజంగనే ఉందా అక్కా?" అని ఒకామె గుసగుసగా అడిగింది.

పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"ఉంది," అంది. "నా కండ్లతోని సూసిన. అటు పోకుండ్రి."