హ్యూ యాత్రలో పోయిన ఫోన్

యూనిస్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి రాలేదు, వెనక్కి వెళ్ళనూ లేదు. ప్రమోద్ కుర్చీ జరిపి, "రా చెల్లె, కూసో. ముందుగాల నీళ్ళు తాగు" అన్నాక గాని ఆమె అడుగు కదపలేదు.

దుబాయ్‌లో నైఫ్ బజారు సందున, మొబైల్ కవర్లమ్మే కొట్టు పైన రెండు గదుల ఆఫీసు అది. అమలాపురం నుంచి వచ్చిన సత్యకుమారి పద్దెనిమిదేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, తర్వాత సొంత లైసెన్సు తీసుకుని విచారణ పని మొదలుపెట్టింది. కోరుట్ల ప్రమోద్ అంతకు ముందు అబుదాబి పక్కన ముసఫ్ఫాలో కార్ల మెకానిక్కు. చేయని దొంగతనం అతని మెడకి చుట్టుకున్నప్పుడు సత్యకుమారి అరపూటలో అసలు దొంగని చూపించింది. ఆ వారమే గరాజు మానేసి ఆవిడ దగ్గర చేరాడు. ఇంజిను చప్పుడు విని జబ్బు చెప్పగలనని అతనికి కాస్త గర్వం ఉండేది. మనిషి మాట విని జబ్బు చెప్పే మేడమ్ ముందు ఆ గర్వం అణిగిపోయింది.

"ఎల్లుండి హాస్పిటల్లో విచారణ కమిటీ అండి. నా నర్సు లైసెన్సు పోతుంది" అంది యూనిస్. పాలకొల్లు పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. "నన్ను కాపాడే ఒకే ఒక్క సాక్ష్యం వియత్నాంలో పోయిందండి."

ఆమె మెల్లగా చెప్పింది. రంజాన్ సెలవులకి ముందురోజు పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కింది. పది నిమిషాల్లో ఒక పెద్దాయనకి నరంలోకి మందు ఎక్కించే పంపు చూసింది. రక్తం పలచబరిచే మందు గంటకి ఎనిమిది మిల్లీలీటర్ల చొప్పున ఎక్కాల్సింది పద్దెనిమిది చొప్పున ఎక్కుతోంది. వెంటనే పంపు ఆపింది. ఆపేముందు తెరని తన ఫోనులో ఫోటో తీసింది. పెద్దాయనకి లోపల రక్తం కారి రెండు వారాలు ఐసీయూలో ఉన్నాడు, బతికాడు. రాత్రి డ్యూటీ కాగితాల్లో మాత్రం 'ఎనిమిది' అనే ఉంది. కాబట్టి అంకె మార్చింది యూనిసే అన్నారు. పాత పంపు, ఆపేస్తే అందులో రికార్డు నిలవదు.

"ఫోటో అప్పుడే ఎందుకు చూపించలేదు?" అని అడిగింది సత్యకుమారి.

"వార్డులో సొంత ఫోనుతో ఫోటో తీయకూడదండి. భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు, జ్ఞానకుమారి అక్కకి తప్ప. అక్కకి చెప్పడం ఒకరికి చెప్పడం కాదు కదండీ. నాకు ఉద్యోగం ఇప్పించిందే ఆవిడ. 'మనసు కుదుటపడుతుంది, టూరుకి రా, తిరిగొచ్చాక ఆలోచిద్దాం' అంది. హాస్టల్లో మాట్లాడుకున్నాం. మాలతి పక్క మంచం మీద పడుకుని ఉంది."

"మాలతి ఎవరు?"

"ఆ రాత్రి డ్యూటీ నర్సండి."

ప్రమోద్ కళ్ళు మెరిశాయి. సత్యకుమారి కాగితం మీద ఏదో రాసుకుని, "యాత్ర సంగతి చెప్పు" అంది.

నలుగురు వెళ్ళారు: యూనిస్, వార్డు పెద్దనర్సు జ్ఞానకుమారి, మాలతి, ల్యాబ్‌లో పనిచేసే సిలాస్. ఒకప్పుడు వియత్నాం చక్రవర్తులు ఏలిన హ్యూ నగరంలో ఒకరోజు గైడు టూరు. పొద్దున రాజకోట, మధ్యాహ్నం దారిలో ఆకు టోపీలు కుట్టే ఊరు, నాలుగింటికి తూ దుక్ చక్రవర్తి సమాధి వనం. చక్రవర్తి బతికుండగానే కట్టించుకుని కవిత్వం రాసుకున్న చోటట. మధ్యలో చెరువు, చెరువు మీదకి కొయ్య మండపం. అప్పుడే జల్లు వెలిసి ఎండ వచ్చింది. యూనిస్ బ్యాగు మండపంలో బల్ల మీద పెట్టి, చేపలకి మేత వేయడానికి సిలాస్‌తో అవతలి గట్టుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బ్యాగు ఉంది, ఫోను లేదు.

"బ్యాగు దగ్గర గైడుని చూశానని అక్క చెప్పింది. నేనే కంప్లైంటు మీద సంతకం పెట్టానండి. ఆ అమ్మాయి పేరు లియెన్. కంపెనీ ఆమెని పని మానిపించింది."

*

మర్నాడు పొద్దున నర్సుల హాస్టల్లో మాలతి తలుపు తీసింది. నిర్మల్ పిల్ల.

"నేను ఎనిమిదే పెట్టిన అనుకున్న మేడమ్. డాక్టరు ఫోన్ల చెప్పిండు, రాసుకున్న, పెట్టిన. నాకేం ఎరుక?"

"పంపు ఒక్క మనిషి మొదలుపెట్టచ్చా?"

"పెట్టద్దు. రెండో నర్సు మంచం కాడికొచ్చి అంకె చూసి సంతకం పెట్టాలె." మాలతి చున్నీ కొస నలిపింది. "సంతకమైతే ఉంది."

"ఫోను పోయినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"బాత్రూమ్‌కి పోయిన. ఒక్కదాన్నే." మేడమ్ చూపు గోడ మీదకి వెళ్ళడం చూసి, మాలతి మొహం కాస్త విప్పారింది. "అది హ్యూ టోపీ. లైటు ముంగట పెడితే లోపల వంతెన బొమ్మ కనవడ్తది. ఆకుల నడుమ పెట్టి కుడ్తరంట. గందుకే అట్ల తగిలిచ్చిన."

సిలాస్ ల్యాబ్ బయట కలిశాడు. మెడలో కెమెరా లేకపోతే అతనికి ఏదో వెలితి. "టోపీలు నేనే కొన్నానండి, నాలుగూ నాలుగు రకాలు. జల్లు పడుతోందని గైడు అందరికీ నీలం రెయిన్‌కోట్లు ఇచ్చింది, తనూ అదే వేసుకుంది. దూరం నుంచి ఎవరు ఎవరో తెలీదు." ఆ రోజు తీసిన మూడువందల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు.

జ్ఞానకుమారి, సత్యకుమారికి టీ పెట్టి ఇచ్చింది. నిండైన మనిషి. హాస్టల్ పిల్లలందరికీ ఆవిడే దిక్కు.

"మోకాళ్ళ నొప్పులు, మెట్ల మీదే కూర్చున్నాను. గైడే మండపంలో బ్యాగు మీదకి వంగింది. నీలం కోటు, ఆకు టోపీ. నా కళ్ళతో చూశాను."

"కోటూ టోపీ మీ అందరికీ అవే కదండీ?"

"అవుననుకోండి. టోపీలన్నీ ఒకటే. కొన్నప్పుడు నేను వ్యానులోనే ఉన్నాను, హాస్పిటల్ నుంచి ఫోను. సిలాస్ తెచ్చి నా నెత్తిన పెట్టాడు. కానీ మనవాళ్ళు అలాంటి పని చేస్తారా చెప్పండి?"

చివరికి లియెన్ వీడియో కాల్‌లోకి వచ్చింది. చిన్న మొహం, ఉబ్బిన కళ్ళు. వచ్చీరాని ఇంగ్లీషులో, తను నీళ్ళ సీసాల కోసం వ్యాను దగ్గరికి వెళ్ళానని, డ్రైవర్ చెప్పినా కంపెనీ నమ్మలేదని అంది.

"నీ టోపీ ఎలాంటిది?"

ఆమె పక్కనుంచి తీసి చూపించింది. "ఇది పని టోపీ. మామూలుది."

*

ఆఫీసులో ప్రమోద్ ఒక్కో ఫోటో తెర మీద జరుపుతూ పోయాడు. ఒక ఫోటో దగ్గర సత్యకుమారి "ఆగు" అంది.

అవతలి గట్టు నుంచి తీసింది. మేతకి ఎగబడే చేపలు ముందు. వెనక, చెరువుకి అటుపక్క, ఎండకి ఎదురుగా మండపం. బల్ల దగ్గర నీలం రెయిన్‌కోటు మనిషి. తలమీది టోపీ తీసి, ముందుకి అడ్డం పట్టుకుంది. మొహం, చేతులు, బ్యాగు, అన్నీ టోపీ చాటునే ఉన్నాయి.

"ఖలాస్ మేడమ్! మొఖమే కనవడ్తలేదు. టోపీ మీద మరక తప్ప ఏం లేదు" అన్నాడు ప్రమోద్.

"ఆ మరక పెద్దది చెయ్యి."

చేశాడు. మేడమ్ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఫోను తీసి నలుగురికీ ఒకే కబురు పెట్టింది: 'సాయంత్రం నాలుగింటికి ఆఫీసుకి రండి. గైడు కంపెనీ వాళ్ళకి వివరాలు రాయాలి, టోపీలు వెంట తెండి.'

"మాలతేనా మేడమ్?" అని అడగకుండా ఉండలేకపోయాడు ప్రమోద్.

"ఇంజిను తెరవకుండా చెప్పేస్తావా?" అని ఆవిడ నవ్వింది.

*

నాలుగింటికి నలుగురూ వచ్చారు. పడమటి కిటికీలోంచి ఎండ గది మధ్య దాకా పరుచుకుంది. టేబుల్ మీద లాప్‌టాప్‌లో లియెన్ ఉంది. సత్యకుమారి అందరినీ కూర్చోబెట్టి, తను నిలబడింది.

"ఫోను దొంగకి ఫోను అక్కర్లేదు. బ్యాగులో పాస్‌పోర్టు, పర్సు ముట్టుకోలేదు. కావలసింది ఒక ఫోటో. ఆ ఫోటో ఉందని తెలిసినవాళ్ళు ఇద్దరు. యూనిస్ చెప్పగా విన్న జ్ఞానకుమారి గారు, పక్క మంచం మీద ఉన్న మాలతి."

"నేను నిద్రల ఉన్న మేడమ్!" మాలతి లేచింది. "నాకు ఫోటో సంగతే తెల్వది!"

"కూర్చో అమ్మా. అందరి వేలూ నీవైపే ఉందని నాకు తెలుసు." ఆవిడ ప్రింటు తీసిన ఫోటో బోర్డుకి గుచ్చింది. "తీసింది ఈ మనిషి. తనని ఎవరూ చూడకూడదని టోపీ అడ్డం పెట్టింది. ఎండ ఆ మనిషి వెనక నుంచి, భుజం మీదుగా టోపీ లోపలికి పడుతోంది. ప్రమోద్, ఆ మరక చూపించు."

ప్రమోద్ పెద్దది చేసిన ప్రింటు పెట్టాడు. ఎండకి బంగారు రంగు తిరిగిన ఆకుల మధ్య నల్లని నీడ. ఏడంతస్తుల గోపురం.

"లియెన్, నీ టోపీ వెలుతురుకి పెట్టు."

లియెన్ దీపం ముందు పెట్టింది. ఏ బొమ్మా లేదు. "బొమ్మలున్నవి కొనేవాళ్ళకి" అంది.

"మీవి పెట్టండి."

మాలతి కిటికీకి ఎదురుగా పట్టింది. వంతెన. సిలాస్‌ది పడవ. యూనిస్‌ది తామర పువ్వు. జ్ఞానకుమారి టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ మొహంలో మొట్టమొదట కనిపించింది భయం కాదు, ఆశ్చర్యం. టోపీలో బొమ్మ ఉంటుందని ఆవిడకి ఈ క్షణం దాకా తెలియదు.

"ఇలా ఇవ్వండమ్మా" అని సత్యకుమారే తీసుకుని ఎండలో పెట్టింది. ఏడంతస్తులూ ఒక్కొక్కటే లెక్కపెట్టేటంత స్పష్టంగా గోపురం తేలింది.

"ఆ రాత్రి మాలతితో డ్యూటీలో ఉన్నది మీరే, రెండో సంతకం మీదే కదండీ, జ్ఞానకుమారి గారూ? మంచం దగ్గరికి వెళ్ళకుండానే పెట్టారు. మాలతి పద్దెనిమిది పెట్టింది, మీరు చూడలేదు. ఆ ఫోటో బయటికొస్తే ముందు అడిగేది సంతకం పెట్టినవారినే."

యూనిస్ మాత్రం ఇంకా టోపీ వంకే చూస్తోంది. "అక్కా, కాదని చెప్పు" అంది.

జ్ఞానకుమారి చేతులు ముడుచుకుంది. "ఆ రాత్రి ఇంకో మంచం దగ్గర పేషెంటు పోతున్నాడు. అక్కణ్ణించి కదల్లేకపోయాను. మాలతి కాగితం తెస్తే పెట్టేశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు, యూనిస్. ఫోటో ఒక్కటీ తీసేసి ఫోను మళ్ళీ బ్యాగులో పడేద్దామనుకున్నాను. లాక్ తెరుచుకోలేదు. ఈలోగా నువ్వు వచ్చేశావు. గైడు పేరు నోటికి వచ్చేసింది. చెరువులో వేయబోయాను. చెయ్యి రాలేదు."

"అంటే ఫోను ఉంది" అంది సత్యకుమారి.

జ్ఞానకుమారి హ్యాండ్‌బ్యాగు తెరిచి, గుడ్డలో చుట్టిన ఫోను టేబుల్ మీద పెట్టింది. ప్రమోద్ ఛార్జరు గుచ్చాడు. ఐదు నిమిషాలకి తెర వెలిగింది. యూనిస్ తెరిచింది. ఏడూ పదికి తీసిన ఫోటో. పంపు తెర మీద గంటకి పద్దెనిమిది; దాని కింద, అప్పటికే ఎక్కిన మందు నూట ఎనిమిది.

"పద్దెనిమిది చొప్పున నూట ఎనిమిది ఎక్కడానికి ఆరు గంటలు కావాలి" అంది సత్యకుమారి. "యూనిస్ వచ్చి పది నిమిషాలే అయింది. కమిటీకి ఇంతకన్నా ఏం కావాలి?"

మాలతి ముందుకొచ్చి ఆ అంకె చూసింది. "నేనే తప్పు నొక్కిన. ఎనిమిది అనే విన్న, అదే రాసుకున్న. పంపు మీద పద్దెనిమిది ఎట్ల నొక్కిన్నో నాకే తెల్వది. రేపు నేను కూడ వస్తా. నేను కూడ చెప్త."

మర్నాడు కమిటీ గదిలోకి ముందు వెళ్ళింది జ్ఞానకుమారి. ఆవిడ చెప్పాక మాలతి చెప్పింది. యూనిస్‌ని అడగడానికి వాళ్ళ దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు. వార్డులో ఫోటో తీసినందుకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు, లైసెన్సు నిలిచింది. జ్ఞానకుమారిని పెద్దనర్సు పని నుంచి తప్పించి విచారణకి పంపారు. కారిడార్లో ఆవిడ యూనిస్ ముందు ఆగింది. యూనిస్ మొహం తిప్పుకోలేదు, దగ్గరికీ వెళ్ళలేదు.

ఆ సాయంత్రం నైఫ్ ఆఫీసుకి వచ్చి యూనిస్ లియెన్‌కి ఫోన్ చేసింది. పక్కన ప్రమోద్ టీ పోస్తున్నాడు. ఏడుస్తూనే క్షమాపణ చెప్పింది. కంప్లైంటు వెనక్కి తీసుకుంటూ కంపెనీకి ఉత్తరం రాస్తానంది.

"ఆ ఉత్తరం మా అమ్మకి కూడా పంపు" అంది లియెన్. "మా భాషలో. మా వీధిలో అందరూ ఆమెని 'దొంగదాని తల్లి' అన్నారు. ఇంటింటికీ వెళ్ళి అమ్మే చదివి వినిపిస్తుంది."

యూనిస్ కళ్ళు తుడుచుకుని, లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, వియత్నాం భాషలోకి మార్చే పేజీ తెరిచి, మొదటి వాక్యం టైపు చేయడం మొదలుపెట్టింది.