గడబిడ కట్టిన మేతపెట్టె

"ఇంకోసారి నొక్కవే!" అంది పక్క బెంచీ పిల్ల.

గడబిడకి వేరే చెప్పాలా? అప్పటికే మౌస్ మీద వేలు టకటకలాడుతోంది. లిఫ్టు బటన్ వెలిగాక కూడా దాన్ని పొడుస్తూనే ఉండే పిల్ల మరి. నాయనమ్మ ఆ పేరు ఊరికే పెట్టలేదు.

స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌లో లంచ్ బ్రేక్. స్క్రీన్ మీద 'మేత వెయ్యి' అని ఒకే ఒక్క బటన్. అది నొక్కితే, ఇంట్లో అక్వేరియం మీదున్న మేతపెట్టె గిర్రున ఒక చుట్టు తిరిగి, నాయనమ్మ చేపకి చిటికెడు మేత రాలుస్తుంది. చిన్న సర్క్యూట్ బోర్డు, మోటారు, ఖాళీ డబ్బా కలిపి గడబిడే కట్టింది. నిన్న సాయంత్రమే దానికి వైఫై కూడా తగిలించింది.

"తిరిగిందా?"

"ఏమో! ఇక్కణ్ణుంచి కనిపిస్తుందా ఏంటి?"

"అయితే నీ వైఫై ఉత్తుత్తిదేనన్నమాట!"

గడబిడకి రోషం పొడుచుకొచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. మళ్ళీ.

ల్యాబ్ టీచర్ అటుగా వచ్చింది. "కబురు అందగానే బోర్డు జవాబు పంపేలా కోడ్ రాయమన్నాను కదా, రాశావా?"

"రేపు రాస్తా టీచర్. ముందు ఇది పనిచెయ్యాలిగా!"

బెల్ కొట్టేదాకా నొక్కుతూనే ఉంది.

సాయంత్రం ఇంటి తలుపు తీస్తూనే గడబిడ చేప దగ్గరికి పరిగెత్తింది.

అక్వేరియంలో నీళ్ళు తెల్లగా, పాలు ఒలికినట్టున్నాయి. పైన మేత మీగడలా తేలుతోంది. చేప పైకొచ్చి, నోరు తెరిచి గుటకలు వేస్తోంది. మేతపెట్టెకి, పంటినొప్పి వచ్చినవాళ్ళకి కట్టినట్టు, తువ్వాలు చుట్టి ఉంది. నాయనమ్మ మోచేతిదాకా నీళ్ళలో పెట్టి, టీ వడపోసే జాలీతో మేత తోడుతోంది.

"నాయనమ్మా! ఏమైంది?"

"నన్నడుగుతావేంటే! మధ్యాహ్నం కరెంటు పోయింది. తిరిగి వచ్చిందో లేదో, నీ పెట్టెకి పూనకం వచ్చింది! తిరుగుతుంది, తిరుగుతుంది, ఆగదే! ఎక్కడ నొక్కితే ఆగుతుందో నాకేం తెలుసు? తువ్వాలుతో నోరు కట్టేశా."

గడబిడకి అప్పుడర్థమైంది. తను నొక్కిన నొక్కుళ్ళు ఎక్కడికీ పోలేదు! కరెంటు లేనంతసేపూ వరసలో నిలబడి, వైఫై రాగానే ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి.

"నేనే నాయనమ్మా... అందలేదనుకుని చాలాసార్లు నొక్కేశా."

"ఏడుపు తర్వాత. ముందు ఆ బకెట్ పట్టు."

పాడైన నీళ్ళు తోడారు. ఇంకో బకెట్లో పట్టి ఉంచిన మంచినీళ్ళు చెంబుతో మెల్లగా పోశారు. చేప ఒక పక్కకి ఒరిగిపోయింది.

"బతుకుతుందా?"

నాయనమ్మ చేపనే చూస్తోంది. ఇంకోసారి అడగబోయి, గడబిడ పెదాలు బిగబట్టింది.

ఎంతోసేపటికి తోక కదిలింది. చేప తిన్నగా నిలిచి, మెల్లగా అడుక్కి దిగింది.

"బతుకుతుందిలే," అంది నాయనమ్మ. "కొన్నాళ్ళు పస్తు పెట్టాలి."

చేప పస్తు అయ్యాక మళ్ళీ అదే ల్యాబ్, అదే బటన్. గడబిడ ఒక్కసారి నొక్కింది. వెంటనే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"ఏమీ రాలేదుగా. ఇంకోసారి నొక్కవే!"

"ఉహూ. జవాబు రానీ."

చేతులు కదల్లేదు కానీ, బెంచీ కింద కాళ్ళు మాత్రం ఊగిపోతున్నాయి.

అప్పుడు స్క్రీన్ మీద బోర్డు పంపిన జవాబు మెరిసింది. నాయనమ్మ పక్కన కూర్చుని, ఆవిడ ఏం చెబితే అదే కోడ్‌లో రాసుకున్న జవాబు.

'అందిందే గడబిడా. ఇక చాలు.'