2ఎ సీటువాడి కోటు

మధ్యాహ్నం రెండయినా విమానాశ్రయంలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అద్దాల అవతల మబ్బు నేలకు దిగి కూర్చుంది. బోర్డు మీద సగం వరసలు ఎర్రబడ్డాయి. జనం సంచుల మీద, నేల మీద, ఒకరి భుజం మీద ఒకరు వాలి కునుకుతున్నారు. వాళ్ళ కాళ్ళు తొక్కకుండా, వాళ్ళ మొహాలు చూడకుండా కుళాయి దొర గేటు వైపు నడిచాడు.

ఆ పేరు ఆఫీసులో ఆయన వెనకాల పిలిచేది. స్నానాల గదుల సామాను చేసే కంపెనీలో అమ్మకాలకు ఆయనే పెద్ద. ఇరవై ఆరేళ్ళుగా కుళాయిలతోనే బతుకు. ఎవరింటికి వెళ్ళినా, ఎక్కడ చుక్క కారుతున్నా ముందు ఆయన చెవినే పడుతుంది. వాషరు అరిగిందో, పైపు చిట్లిందో గది బయట నిలబడే చెప్పేస్తాడు. మనుషుల దగ్గర మాత్రం ఆ చెవి పనిచేయదు. విమానంలో ముందు వరసల్లో కూర్చునేవాళ్ళు, తక్కినవాళ్ళు అని లోకాన్ని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కను మరిచిపోయి చాలా కాలమయింది.

పొద్దున ఎక్కిన విమానం గాలివాన వల్ల రెండు గంటలు ఆలస్యంగా దిగింది. మారాల్సిన విమానం ఆయన కోసం ఆగలేదు. ఫస్ట్ క్లాస్ టికెట్టు చూసి మబ్బు పక్కకు తప్పుకుంటుందని ఆయనకు ఎవరూ మాట ఇవ్వలేదు. ఇచ్చి తప్పినట్టు మొహం పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఫోను మోగింది. బావ.

"ఏమోయ్, ఎంతవరకొచ్చావు?"

"ఇంకా దారిలోనే బావా. ఇంకో విమానం ఉంది, ఇప్పుడే."

"మీ అక్క మొండికేసింది. ఐదింటికి ఆపరేషను. నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ లోపలికి పోదట. ఐదు దాటితే నా చేతిలో లేదంటున్నాడు డాక్టరు. రేపటిదాకా ఆగే గుండె కాదది."

"అందాకా నువ్వు పట్టుకో బావా."

"అదీ అయింది. ముప్పయ్యేళ్ళు పట్టుకున్నావుగా, ఏం ఒరిగింది, వాణ్ణి రమ్మను అంటోంది."

తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే. బడికి తీసుకెళ్తూ, రోడ్డు దగ్గర, దాటేటప్పుడు చెయ్యి వదలకు అనేది. ఈసారి దాటాల్సింది అక్క. లోకంలో కుళాయి దొర జంకేది ఆ ఒక్క మనిషికే.

గేటు దగ్గర గుమాస్తా అమ్మాయి జలుబుతో ముక్కు తుడుచుకుంటోంది.

"సీట్లన్నీ నిండాయి సార్. ముందు 2ఎ ఒక్కటుంది గానీ, ఆయన వస్తున్నారు. కొండల వైపు నుంచి చిన్న విమానంలో."

"దిగాడా?"

"ఇంకా లేదు సార్. గాల్లో ఉంది."

"గాల్లో ఉన్నవాడికి ఇక్కడ సీటెందుకమ్మా? రాలేదని రాసెయ్యి."

"తలుపు మూయడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది సార్. ఆయన కూడా ఆస్పత్రికే వెళ్ళాలట. తనవాళ్ళెవరికో సీరియస్ అని ఇక్కడ రాసి ఉంది."

"అందరూ అదే చెప్తారు." ఆయన తన బంగారు రంగు కార్డు తీసి బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టాడు. "వాడు రాడు. నేను చెప్తున్నా, రాడు. నీ పైవాళ్ళని పిలవమంటావా, రాస్తావా?"

ఆ అమ్మాయి గడియారం చూసింది. కార్డు చూసింది. రాసింది. తెరమీద 2ఎ పక్కన ఒక్క మాట పడింది: రాలేదు.

విమానంలో పెద్ద ఎయిర్‌హోస్టెస్ ఆయన కోటు అందుకుంది. గోధుమరంగు ఉన్ని కోటు. మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు అక్క కొనిచ్చింది. ఎయిర్‌హోస్టెస్ చీటీ మీద సీటు నంబరు రాసి, గుండీకి గుచ్చి, ముందున్న సన్నటి బీరువాలో తగిలించింది. ముందు వరసల వాళ్ళకు అదో మర్యాద. కోటు ఎవరిదని అక్కడ అడగరు, ఏ సీటుదని చూస్తారు. దిగేటప్పుడు సీటును బట్టే ఇస్తారు. ఈ పద్ధతి కుళాయి దొరకు భలే ఇష్టం. మనిషికి మొహం ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

తలుపు మూశారు. విమానం కదల్లేదు. వాన రెక్కల మీద దరువేస్తోంది. వెనకెక్కడో పసిబిడ్డ ఏడుస్తుంటే, తెర లాగమని కనుసైగ చేశాడు. లాగారు. ఏడుపు ఆగలేదు గానీ, ఆయనకు సంబంధం లేనిదయింది.

అరగంట తర్వాత, వంటసామాను పెట్టుకునే మూల నుంచి గుసగుసలు వినిపించాయి.

"చిన్న విమానం... సరస్సు మీద కనబడకుండా పోయిందట."

"అందులోనేగా, మన 2ఎ..."

ఆయన తల తిప్పేసరికి ఇద్దరూ మాట మింగేశారు.

సీటు గొడవ తీరిపోయింది, అనుకున్నాడు కుళాయి దొర. అలా అనుకున్నందుకు కాస్త సిగ్గుపడాల్సింది. పడలేదు. టీ తెమ్మన్నాడు.

మూడున్నరకు పైకి లేచారు. కిటికీలో బూడిద రంగు తప్ప మరేమీ లేదు. దీపాలు తగ్గించారు. అప్పుడు తగిలింది వాసన. పాచి. పూడిక తీయని నీళ్ళ వాసన. ముక్కు చిట్లించి పక్కకు చూశాడు. పక్కసీటులో లాయరమ్మ కాగితాలు చదువుకుంటోంది. ఆమెకేమీ తగిలినట్టు లేదు.

టప్.

ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి.

చాలాసేపు ఏమీ లేదు. టప్... టప్.

లేచి బాత్‌రూము తలుపు తీసి చూశాడు. కుళాయి పొడిగా ఉంది. పోటీ కంపెనీ సరుకు, అయినా బిగుతుగానే ఉంది. బయటికొచ్చి నిలబడ్డాడు. చప్పుడు అక్కడిది కాదు. కోట్ల బీరువాలోంచి వస్తోంది.

టప్. టప్ టప్... టప్.

కుళాయి కారితే తాళం తప్పదు. చుక్కకూ చుక్కకూ మధ్య ఒకే ఎడం. ఇరవై ఆరేళ్ళ అనుభవం అది. ఇందులో తాళం లేదు. మనిషి నిలువునా తడిసొచ్చి, ఒక చోట కదలకుండా నిలబడితే, బట్టల అంచుల్లోంచి ఇలా కారుతుంది.

తలుపు తీసి చూడొచ్చు. చెయ్యి పిడి దాకా వెళ్ళింది. ఎందుకో వెనక్కొచ్చింది. సీటులో కూర్చుని, ఇంకో టీ తెప్పించుకుని, వేడి గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు.

కాసేపటికి లాయరమ్మ కాగితాల్లోంచి తలెత్తకుండానే మెల్లగా అంది: "ఏమనుకోకండి. మీ చెయ్యి కాస్త తీస్తారా? మంచులా ఉంది."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. రెండూ గ్లాసు చుట్టూ ఉన్నాయి.

"నా చెయ్యి..."

"థాంక్స్," అంది ఆమె. పేజీ తిప్పింది.

ఇద్దరి మధ్య చేతులానించే పట్టె మీద, నాలుగు వేళ్ళ మేర తడి.

ఆ తర్వాత ఆయన ఎటూ చూడలేదు. గడియారం ఒక్కటే చూశాడు. నాలుగు. నాలుగుంపావు. నాలుగున్నర... చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. ఆగడమే ఎక్కువ భయపెట్టింది.

నాలుగూ నలభైకి చక్రాలు నేల తాకాయి. ఇక్కడ ఎండ కాస్తోంది. ఆస్పత్రి అరగంట దూరం. తలుపు తెరవకముందే కుళాయి దొర లేచి ముందుకు పరిగెత్తాడు. ఎయిర్‌హోస్టెస్ బీరువా తెరిచి, చీటీ చూసి, ఒక కోటు అందించింది.

నల్లకోటు. చేతికి తగలగానే బరువుకు భుజం వంగింది. అంచుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. కాలరుకు పాచి అంటుకుని ఉంది.

"ఇది నాది కాదు."

"2ఎ సార్." ఆమె చీటీ చూపించింది. సిరా కాస్త చెదిరింది, అంతే. "నా రాతే. నేనే తగిలించాను."

"గోధుమరంగుది. నా కోటేది?"

ఆమె లోపల చెయ్యి పెట్టి తడిమింది. చెయ్యి బయటికి తీసి, తన తడి వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. "మీ... 2ఎకి ఇదొక్కటే ఉంది సార్," అంది.

వాదించే టైము లేదు. ఆ కోటు చేతిలోనే పట్టుకుని, తలుపు దాటుతూ బావకు ఫోను చేశాడు.

"బావా, దిగాను. డాక్టరు కాళ్ళు పట్టుకుని అయినా పది నిమిషాలు ఆపు. అక్కతో చెప్పు, నేను..."

"ఇప్పుడు దిగడమేంటోయ్?" బావ గొంతు తేలిగ్గా, అలిసిపోయి ఉంది. "నాలుగింటికే వచ్చావుగా. ఆపరేషను గది లోపలినుంచి ఫోనేంటి?"

కుళాయి దొర ఆగిపోయాడు. వెనక జనం ఆయన్ని ఒరుసుకుంటూ పోతున్నారు.

"దూరం నుంచే ఆ గోధుమరంగు కోటు చూసి, వచ్చాడు నా తమ్ముడు అంది మీ అక్క. ఇక్కడ చినుకు లేదు, నువ్వేమో నిలువునా తడిసొచ్చావు. వరండాలోనే మాస్కు, టోపీ పెట్టేసుకున్నావు. నాతో ఒక్క మాట లేదు. పోనీలే, నీ టెక్కు నీది. వీడి చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది అంటూ పట్టుకుని లోపలికెళ్ళింది పిచ్చిది."

"బావా." గుసగుసలా వచ్చింది మాట. "అది నేను కాదు."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"మరి... ఇందాక నర్సు చెప్పింది, మత్తిచ్చేటప్పుడు డాక్టరు చెయ్యి వదలమన్నాడటోయ్. మీ అక్క వదిలేసింది." బావ ఊపిరి వినిపిస్తోంది. "వాడే వదల్లేదట."

"లోపలికెళ్ళు బావా. తలుపు తోసి లోపలికెళ్ళు."

అడుగుల చప్పుడు. ఆగింది.

"ఇదేంటోయ్... తలుపు కింద నుంచి నీళ్ళొస్తున్నాయి."

ఫోనులో, ఎక్కడో లోపల, చిన్న చప్పుడు. టప్. చాలాసేపు ఏమీ లేదు. టప్ టప్... టప్.

ఆయన తన చేతిలో కోటును చూశాడు. అది పూర్తిగా ఆరిపోయి ఉంది.